అత్త పెళ్లికి పట్టీల పెడళ్లు

ఈ ఉదయం నుంచి విశాఖపట్నంలో రోడ్లన్నీ కిందికే ఉన్నాయి. సిరిపురం నుంచి బీచ్‌కి దిగుడే. బీచ్ నుంచి సిరిపురానికీ దిగుడే. నడిచేవాళ్లకు హాయిగానే ఉంది. సైకిళ్ల మీద వెళ్లినవాళ్లు మాత్రం ఇంకా ఇళ్లకు చేరలేదు.

మా చంద్రకాంతత్త వాళ్లలో ఒకతె. ఇవాళ ఆమె పెళ్లి.

అత్త మా నాన్నకు చెల్లెలు. నన్ను పెంచింది ఆమే. పోర్టులో క్రేను నడిపే జగ్గారావు గారు ఆమెను అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. నా చదువయ్యాక అంది అత్త. నాకు ఉద్యోగం వచ్చాక అంది. ఈలోగా ఆయన రిటైరయ్యారు, ఆమె జుట్టు సగం తెల్లబడింది. పోయిన నెల ఉన్నట్టుండి సరే అంది. పొద్దున్నే పట్టుచీర కట్టుకుని, జడలోకి జాజులు చాల్లేదని సైకిలెక్కి వెళ్లింది. ఇప్పుడు ఆగలేకపోతోంది.

బ్రేకులు బాగానే ఉన్నాయి. రెండు వైపులా పల్లమే కాబట్టి, ఎటు పోకుండా ఆపాలో వాటికి తెలియడం లేదు.

పెదవాల్తేరులో మా పందిరి ముందు నుంచి ఆమె మాటిమాటికీ వెళ్తోంది. ఒకసారి వెళ్తూ జాజులు దొరికాయని చెప్పింది. ఇంకోసారి వెళ్తూ "కానీ" అంది. ఆ తర్వాతి మాట కోసం అందరం కుర్చీలు రోడ్డు వైపు తిప్పుకుని కూర్చున్నాం. జగ్గారావు గారు నుదుటి మీద బాసికంతోనే మజ్జిగ గ్లాసు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. ఆమె ఒంటి చేత్తో అందుకుంది. మళ్లీ వచ్చినప్పుడు ఖాళీ గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ఎవరినీ కడగనివ్వలేదు.

పురోహితుడు సన్యాసిశర్మ గారు నన్ను పక్కకు పిలుస్తారు. ముహూర్తం కూడా జారడం మొదలుపెట్టిందట. ఇప్పటికే పందిరి గుంజ దాటిందట.

"సముద్రంలో పడిందంటే మళ్లీ దొరకదు, వాసంతీ. ఇంకోటి దొరికినా అది మీ అత్త వయసుకు సరిపడదు."

నేను తీసుకొస్తానని చెప్పి బయల్దేరతాను. నా కాళ్లకు పారాణి ఇంకా ఆరలేదు.

మద్దిలపాలెం వరకూ నడక సులువే. ఆగడమే కష్టం. నూకరత్నం గారి సైకిల్ షాపు ముందు కరెంటు స్తంభాన్ని కౌగలించుకుని ఆగుతాను. ఊరంతటిలో ఆ షాపు ఒక్కటే చదునుగా ఉంది. తెల్లారగానే ముగ్గేసి నేలను కట్టేశానని ఆవిడ చెబుతుంది. ముగ్గు దాటి లోపలికి వెళ్తే నిజంగానే నిలబడగలుగుతున్నాను.

సంగతి చెబుతాను. ఆవిడ తలూపి, గోడకు వేలాడుతున్న ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ దించుతుంది. దానికి గేర్లు మార్చడం లేదు, బ్రేకు లేదు, ఊరికే దొర్లడమనేదీ లేదు.

"చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతాది. నువ్వు కాలు బిగబట్టి తిరగనీకపోతే చక్రం తగ్గుతాది. బ్రేకుకి ఎటో తెల్దు గానమ్మా, నీ కాలికి తెలుస్తాది."

కాలు జారితే ఏమవుతుందని అడుగుతాను. పెడల్ నీకోసం ఆగదంటుంది. తన పాటికి తను తిరుగుతూ పిక్కల్ని వాయిస్తుందట. అందుకే పాదాన్ని పట్టుకునే పెడల్ ఎంచుకోవాలట.

పెడళ్లన్నీ తమలపాకుల్లా తడిగుడ్డ కింద ఉన్నాయి. ఆవిడ గుడ్డ తీయగానే నా రెండు పాదాలూ ముందుకు వంగి చూస్తాయి.

మొదటి జత ఇనుప పంజరాలు, వాటికి తోలు పట్టీలు. పాదం లోపల పెట్టాక చేత్తో లాగి బిగించాలి. నా ఎడమ పాదానికి అవి నచ్చుతాయి, వాటిలో బూరెల వాసన వస్తోందని. కానీ వదిలించుకోవాలన్నా చేత్తోనే వదులు చేయాలి. నా చేతులకు ఇవాళ వేరే పనుంది.

రెండో జత చిన్నవి, మెరుస్తున్నాయి. బూటు అడుగున బిళ్ల ఉంటే టక్కుమని పట్టుకుంటాయి. వాటంత గట్టిగా పట్టేవి లేవట. నా కుడి పాదం వాటి వైపు జరుగుతుంది. నూకరత్నం గారు దాన్ని ఆపి, ఇవి పాదానికి మాటివ్వవు, బూటుకే ఇస్తాయంటుంది. నాకు బూట్లు లేవు, పారాణి ఉంది.

మూడోవి వెడల్పాటి గుడ్డ పట్టీలవి. పాదాన్ని పక్కగా తిప్పి దూర్చి, నేరుగా చేస్తే పట్టీ బిగుస్తుంది. మడమ బయటికి తిప్పితే వదిలేస్తుంది. దూర్చి చూస్తాను. నిద్రలో చంటిపిల్ల వేలు పట్టుకున్నట్టు అది నా పాదాన్ని పట్టుకుంటుంది. రెండు పాదాలూ తగువు మానేస్తాయి. ఆవిడ ఆ జతనే సైకిల్‌కు బిగిస్తుంది.

ముగ్గు దాటగానే సైకిల్ పరుగందుకుంటుంది. కాళ్లు నావే, వేగం మాత్రం రోడ్డుది. పెడళ్లు నన్ను విదిలించుకోవాలని చూస్తాయి, పట్టీలు పోనివ్వవు. కాసేపటికి తొక్కుతున్నది నేనో, నన్ను తొక్కిస్తున్నది చక్రమో అడగాలనిపించదు. గట్టిగా నవ్వొస్తుంది. పక్కన దొర్లిపోతున్న పోస్ట్‌మన్ కూడా నవ్వుతాడు.

బీచ్ రోడ్డు మీద అత్త కనబడుతుంది. జడ ఊడిపోయింది, జాజులు ఒక్కొక్కటే వెనక్కి ఎగురుతున్నాయి. పక్కకు చేరి ఆమె హ్యాండిల్ పట్టుకుంటాను. పొద్దుటి నుంచీ దాచుకున్న ఆ తర్వాతి మాట ఆమె అప్పుడు చెబుతుంది.

"కానీ, ఆగాలని లేదే నాకు."

"పెళ్లి వద్దా అత్తా?"

"పెళ్లి కావాలి. ఆగడం వద్దు. ఇన్నాళ్లూ ఆగాను గదా, అన్నిటికీ."

ఆపనని చెబుతాను. నెమ్మది చేస్తానంటాను, అంతే. జగ్గారావు గారు నడిచి అందుకోగలిగేంత.

ఆమె ఆలోచిస్తుంది. "ఆయన నడక నెమ్మదే" అంటుంది, సిగ్గుపడుతూ.

తిరిగి పెదవాల్తేరు వైపు దిగుతాం. పందిరి కనబడగానే కాళ్లు బిగబడతాను. పెడళ్లు నా తొడల్ని పైకెత్తి విసరబోతాయి. పట్టీలు కీచుమంటాయి, తెగవు. ముందు పరుగు తగ్గుతుంది, తర్వాత రెండు చక్రాలూ ఊరేగింపు నడకకు వస్తాయి. జగ్గారావు గారు తాళి పట్టుకుని పక్కన నడవడం మొదలుపెడతారు. శర్మ గారు మంత్రాలు చదువుతూ నడుస్తారు. సన్నాయి, డోలు, చుట్టాలు, కుర్చీలు అందరూ వెనకే.

ముహూర్తం మాకు ముందు పళ్లెమంత వెలుగై రోడ్డు మీద జారుతోంది.

మొదటి ముడి కిరాణా కొట్టు దగ్గర పడుతుంది. రెండోది లాసన్స్ బే మలుపులో. అక్కడ నా కాళ్లు వణుకుతాయి, ఇంక పట్టలేననిపిస్తుంది. వెలుగు ఇసుక మీదికి చేరింది, అలకు జానెడు దూరంలో ఉంది. అత్త తిరిగి చూడకుండానే జుట్టు తొలగించి మెడ వంచుతుంది. జగ్గారావు గారి వేళ్లు ఒకసారి తడబడతాయి.

"కంగారు లేదండి," అంటుంది అత్త. "నేనెక్కడికీ పోను. పోతూ ఉంటానంతే."

మూడో ముడి పడుతుంది. ముహూర్తం చప్పుడు లేకుండా నీళ్లలోకి దిగిపోతుంది. జగ్గారావు గారు అత్త సైకిల్ వెనక క్యారేజీ మీద ఎక్కి కూర్చుంటారు. చుట్టాలు తలంబ్రాలు చల్లుతారు. బియ్యపు గింజలు కింద పడకుండా కొత్త దంపతుల చుట్టూ తిరుగుతుంటాయి. ఇక ఆమె హ్యాండిల్ వదిలేస్తాను.

సముద్రం కొసలు సర్దుకుని, రోడ్డు పొడవునా పచ్చటి అరిటాకై పరచుకుంటుంది. ఎవరో దాని మీద నీళ్లు చిలకరిస్తారు. మేం వేగం తగ్గించకుండానే విందు వరుసలో చేరతాం. చివరి నుంచి, ఇస్త్రీ పంచె కట్టుకున్న తిమింగలం నేతి గిన్నెతో వడ్డిస్తూ వస్తోంది. నా పక్కకు వచ్చి, నాతో సమానంగా ఈదుతూ, వేస్తానమ్మా అని అడుగుతుంది. నేను హ్యాండిల్ మీది నుంచి రెండు చేతులూ తీసి, తొక్కుతూనే దోసిలి పడతాను.