ఎడమ మూల మచ్చ

తడిగుడ్డకు పోయే మచ్చయితే ఎప్పుడో పోయి ఉండేది, ఇది గాజు మీద లేదు, గాజు వెనక ఉంది, కింద ఎడమ మూలలో అరచేయంత ఊదా రంగు, దాని అంచున పాచిలాంటి ఆకుపచ్చ, ఇంత పాత డబ్బా మానిటర్‌ను ఈ రోజుల్లో ఎవరు వాడతారంటే ఫొటో స్టూడియో కోటేష్ వాడతాడు, కొత్త పల్చటి తెరల్లో చర్మం రంగు నమ్మడానికి లేదట, ఆల్బం అచ్చుకు పంపేముందు ప్రతి ముఖాన్నీ ఇందులో చూసుకోకపోతే అతనికి అన్నం సయించదు, పరీక్షకని అతనిచ్చిన పెళ్లి ఫొటో పెడితే ఎడమవైపు కూర్చున్న పెళ్లికూతురి చెంప ఎవరో కొట్టినట్టు కమిలిపోయి ఉంది, పాపం ఆ పిల్లనెవరూ కొట్టలేదు, నన్నూ ఎవరూ కొట్టలేదు, తలనొప్పి అంటే అందరూ ముందు అదే అనుమానంతో చూస్తారు, మా ఆయన శాంతికుమార్ చెయ్యెత్తే మనిషి కాదు, గొంతే ఎత్తడు.

ఇవాళ ఖమ్మం పోవాలి, తల డాక్టరు దగ్గరికి, ఈసారి పెద్ద మాత్ర రాయించుకొద్దాం రిబ్కా, చిన్న మాత్రలు నీకు పనిచేస్తలేవు అన్నాడు ఆయన, చిన్న మాత్రలకే మధ్యాహ్నానికి కళ్ళు మూతలు పడి పొయ్యి మీద పప్పు మాడిన వాసన కూడా అందరికన్నా చివర నాకు తెలుస్తోంది, ఇక పెద్దవి మింగితే నేనెక్కడుంటానో, ఆయన స్నానానికి వెళ్లాడు, వచ్చేలోగా ఇల్లు ఊడ్చి తుడవాలి, మనిషి ఊరికని గడప దాటాక చీపురు పట్టకూడదు, మా అత్తగారింట్లో సాయంత్రపు ప్రార్థన ఎంత తప్పదో ఇదీ అంతే, ముందు గదే ఆయన రిపేరు షాపు, ఆ బల్ల మీద సామాను కదపొద్దంటాడు, అందుకే ఇన్నాళ్లూ వస్తువుల చుట్టూ తుడుస్తూ వస్తున్నాను, ప్రతిదాని కిందా దుమ్ము చతురస్రంగా మిగిలిపోతుంది, నాకది పంటి కింద రాయి.

తెర మధ్యలో ఒక్క గీత తప్ప బొమ్మే రావడం లేదని తెచ్చాడు కోటేష్, ఈయన మూత విప్పి టంకం వదిలిన చోటు కనిపెట్టి మళ్ళీ పెట్టాడు, ఆ పని చక్కగా చేశాడు, కాదనను, బొమ్మ వచ్చింది, వచ్చాక ఈ బల్ల మీదే మచ్చా వచ్చింది, అన్నా నేను తెచ్చిననాడు గీత ఉండె గని మచ్చ లేదన్నా అంటే, ముందు నుంచే ఉంది కోటేషూ, నువ్వు చూడలే, ట్యూబు ముసలిదైంది అన్నాడు ఈయన మెత్తగా, అదేందన్నా, నా పెళ్లాం మొహం కన్నా దీని మొహమే ఎక్కువ చూసిన, ఆ సంగతి ఆమెనే అంటది, నాకు తెల్వదా అని కోటేష్ నవ్వబోయి ఆగిపోయాడు, ముందు నుంచే ఉంది, ఈ మాట నేను ఇంతకుముందు విన్నాను, ఇదే గదిలో, ఇదే మెత్తదనంతో, ఖమ్మం దారిలోని మా పెనుబల్లి నుంచి నన్ను చూడ్డానికొచ్చిన అమ్మతో, మా పిల్ల గిట్ల తల పట్టుకోని మూగగ ఉండేది కాదు బాబూ, అది ఇంట్లుంటే మాకు రేడియో అక్కర్లేకపోయేది అని అమ్మ అంటే, ముందు నుంచే ఉందత్తయ్యా, మీరు చూడలే అన్నాడు, అమ్మ నా ముఖంలోకి వంగి చూసింది, తాను పెంచిన ముఖంలో తనకే కనపడకుండా పోయిన మచ్చ కోసం వెతికింది, ఆ చూపును నేనింకా క్షమించలేదు, అమ్మనని కాదు, ఆ వెతుకులాటను.

ఈయన ట్యూబు మెడకున్న రంగులు సర్దే రింగులు తిప్పి చూశాడు, ఎడమ మూల కొంచెం తేటపడితే కుడి మూల పసుపెక్కింది, నా మాత్రల్లాగే, నొప్పి కాస్త తగ్గితే మెలకువ కూడా తగ్గింది, విసుగొచ్చి రింగులను ఫ్యాక్టరీ వాళ్ళ తెల్లరంగు గుర్తు దగ్గరికే తెచ్చి వదిలేశాడు, ఇక ట్యూబే మార్చాలంటున్నాడు, ఖమ్మంలో నేను ఎలక్ట్రానిక్స్ చదివిన కాలేజీలో ల్యాబ్ మేడం ఉండేది, మూత విప్పడానికి తొందరేంటమ్మా, ముందు బల్ల చుట్టూ చూడండి, పక్కన ఏమున్నాయో చూడండి అని ప్రతిసారీ అనేది, మేం నవ్వుకునేవాళ్ళం, నేనప్పుడు నవ్వేదాన్ని, పెద్దగా, ఇప్పుడు ఈ బల్ల ఎడమ చివర, మానిటర్‌ను ఆనుకుని చర్చి స్పీకరు డబ్బా ఉంది, క్రిస్మస్ కూడికలప్పుడు తీగ తెగిందని తెచ్చి ఇక్కడే పెట్టాడు, చర్చిలో మైకు పని ఆయనదే, దాని కింద తుడవాలని రెండు చేతులతో పట్టుకుని ఇవతలికి లాగాను, తెరలో మచ్చ కదిలింది.

కదిలింది, నా కళ్ళు కాదు, డబ్బాను మళ్ళీ దగ్గరికి నెట్టాను, ఊదా రంగు చిక్కబడింది, దూరంగా లాగాను, పలచబడింది, ఇది ఆన్‌లో లేదే, తీగ తెగి వేలాడుతోందే అనుకుంటూనే తెలిసిపోయింది, స్పీకరు లోపలి అయస్కాంతానికి కరెంటెందుకు, పలకకపోయినా లాగుతూనే ఉంటుంది, అందుకే దాన్నెవరూ అనుమానించలేదు, అది ఏమీ చేయడం లేదు కదా, ఊరికే కూర్చుని ఉంది కదా, డబ్బాను మోసుకెళ్లి వంటింటి గడప దగ్గర పెట్టాను, మచ్చ పూర్తిగా పోలేదు, పట్టింది ఒక్కసారిగా వదలదు, మానిటర్ ఆపి, చల్లారనిచ్చి, ఆలోగా గదంతా ఊడ్చి, మళ్ళీ వేస్తే పట్టిన అయస్కాంతాన్ని దులుపుకుంటూ లోపల దుమ్మ్‌మని ఒక వణుకు, మచ్చ ఇంకొంచెం కరిగింది, ఇంకోసారి అలాగే చేస్తే పూర్తిగా పోయింది, చెల్లెలి పెళ్ళికి పెనుబల్లి పోయినప్పుడు కూడా అంతే, మొదటి రోజు నొప్పి, రెండో రోజు కొంచెం, తర్వాత పెరట్లో మామిడికాయ ముక్కలు కోస్తూ ఎవరో ఏదో అంటే పగలబడి నవ్వాను, నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది, తిరిగొచ్చిన సాయంత్రం నుంచి మళ్ళీ కణతల్లో సూదులు, చర్చిలో నేను పాట ఎత్తుకుంటే మైకు పెట్టె దగ్గర ఆయన వేలు నా గొంతును తగ్గించేది, నీ గొంతు కొంచెం గుచ్చుతది రిబ్కా, అందుకే తగ్గించిన అనేవాడు ప్రేమగానే, డాక్టరు నన్నడిగితే, ఎప్పటి నుంచమ్మా నొప్పి అంటే, చానా రోజుల్నుంచి సార్, ఆమె చెప్పుకోలేదు అని ఈయనే చెప్పేవాడు, డాక్టరు రాసుకునేవాడు, మూత విప్పినట్టే నా తల లోపల ఫొటోలు తీయించారు, చిత్రం బాగానే వచ్చింది, పక్కన కుర్చీలో ఎవరున్నారని ఎవరూ చూడలేదు.

స్నానం ముగించి చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆయన వచ్చి తెర చూసి ఆగిపోయాడు, అంతలో గుమ్మంలో కోటేష్, అన్నా, పోయింది, మచ్చ పోయింది, ఏం జేసినవన్నా అని చిన్నపిల్లాడిలా ఎగిరాడు, మా ఆయన ఒక్క క్షణం నా చేతిలోని గుడ్డ వైపు చూసి, రింగులు జర తిప్పిన, సెట్టయింది అన్నాడు, వదినా, మా అన్న చేతుల ఏదో ఉన్నది చూడు అని కోటేష్ మానిటర్‌ను చంటిబిడ్డలా గుండెకెత్తుకుని ఆటోలో పెట్టుకుపోయాడు, నేను గుడ్డ మడత మార్చి బల్ల అంచు తుడిచాను, నా మాట నేను అనడం మర్చిపోయి చాలా కాలమైంది, ఈయన గడప దగ్గరి డబ్బా చూసి, దీన్నెవరు జరిపిండ్రు అన్నాడు, నేనే, తుడవడానికి అన్నాను, చెప్పిన గదా రిబ్కా కదపొద్దని అంటూ మెత్తగానే దాన్ని తెచ్చి దాని చోట్లోనే పెట్టాడు, దుమ్ము చతురస్రం నేను తుడిచేశాను గనక చోటు సరిగ్గా కుదరలేదు, రెండుసార్లు సర్దాడు.

బస్సు అశ్వారావుపేట దాటాక రెండు వైపులా పామాయిల్ తోటలు, ఈయన నా భుజాన్ని ఆనుకుని కూర్చున్నాడు, నా మాత్రల సంచి ఆయన ఒళ్ళో ఉంది, కణతల్లో సూదులు మొదలయ్యాయి, కోటేష్ స్టూడియోలో ఇప్పుడు ఆ తెర తెల్లగా వెలుగుతూ ఉంటుంది, స్పీకరు డబ్బా ఇంకా మా బల్ల మీదే ఉంది, దానికేం కాలేదు, దాని చోటు దానిదే, వెళ్లిపోయింది మానిటరే, కండక్టరు వచ్చాడు, ఇద్దరికీ ఖమ్మం అన్నాడు ఈయన, నీకొకటి కొడ్తనన్నా, ఆడోళ్ళకు పైసల్లేని టికెట్టు, ఆమెది ఆమెనే చూపియ్యాలె, ఆధార్ తీయమ్మా, యాడికి అని నా వైపే చూస్తూ నిలబడ్డాడు, ఈయన మళ్ళీ నోరు తెరిచాడు, చెప్పిన గదా, ఖమ్మం అంటున్నాడు, డబ్బాను నేను జరపలేను, జరిపినా మళ్ళీ తెచ్చి పెడతాడు, కానీ నాకు కాళ్ళున్నాయి, ఇది తెలియడానికి ఇంత చదువు అక్కర్లేదు, ఇన్ని మాత్రలు అసలే అక్కర్లేదు, పెనుబల్లి అన్నాను, కండక్టరుకు వినపడలేదేమోనని ఇంకోసారి అన్నాను, ముందు సీటులో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు, నిజమే, నా గొంతు కొంచెం గుచ్చుతుంది.