పిడి మీద చెయ్యి

మా షియాన్ యూనివర్సిటీ ల్యాబులో కొలిమి చల్లారుతుంటే ఎవరూ నోరెత్తకూడదు. తలుపు వెయ్యకూడదు. తుమ్ము వస్తే ముక్కు నలుపుకోవాలి. ముప్పై ఏళ్లుగా ఇది నేను పెట్టిన చట్టం. నేను ప్రొఫెసర్ని కాదు, కొలిమి చూసుకునేవాణ్ణి. అయినా అందరూ లువాన్ మాస్టారనే పిలుస్తారు, అందరూ నాచేత తిట్లు తింటారు.

అందరికంటే ఎక్కువ తిన్నది పీహెచ్‌డీ చేస్తున్న సూలాన్. ఎనిమిదేళ్లుగా ఆ పిల్లకి ఒకటే పని. శనగగింజంత నికెల్-తగరం పూసను కరిగిన గాజులో ముంచి కాచడం, చల్లార్చడం. ఆ లోహం మామూలుగా గడ్డకడితే లోపల పొరల రొట్టెలా పలకలు పలకలుగా ఉంటుంది. గడ్డకట్టాల్సిన వేడి దాటి ఇంకా కిందికి దిగినా ద్రవంగానే మొండికేసి కూర్చుంటే మాత్రం, చివరికి భగ్గున మెరిసి ఒక్కసారిగా గడ్డకడుతుంది. ఆ వేడికి పలకలు తెగి గింజలవుతాయి. రెండు వందల డిగ్రీలు కిందికి దిగితే ఒక్క పలకా మిగలదని సూలాన్ వాదం. చూపించడానికి ఒక్క పూస కావాలి. అదీ ఆ రోజు సాయంత్రం అయిదులోగా. అయిదు దాటితే గడువు తీరిపోతుంది, పట్టా లేకుండా ఇంటికి పోవాలి.

మెరిసిన వెంటనే కొలిమి పక్కనున్న పిడి లాగాలి. పూస ఉప్పు కలిపిన ఐసునీళ్లలో పడి, పుట్టిన రూపంలోనే నిలిచిపోతుంది. ఆలస్యమైతే ఆ వేడిలోనే మగ్గి లోపలివన్నీ లావెక్కి కలిసిపోతాయి, పలకలు కూడా గింజల్లాగే కనిపిస్తాయి. పిడి నా పని. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను.

మూడింటికి ఆఖరి పూసల్లో ఒకటి దిగడం మొదలుపెట్టింది. గడ్డకట్టే వేడికి అరవై డిగ్రీలు కింద. తొంభై. నూట ముప్పై. సూలాన్ గోడవార గొంతుక్కూర్చుంది, కొరికిన రొట్టె చేతిలో అలాగే ఉంది. నూట తొంభై. మా ల్యాబులో ఏ పూసా అంత లోతుకి దిగలేదు. చూడటం తప్ప మేం చెయ్యగలిగింది ఏమీ లేదు.

మెరిసింది.

"రెండొందల పద్దెనిమిది! మాస్టారూ, రెండొందల పద్దెనిమిది!"

ల్యాబంతా అదిరేలా అరిచింది. నేను తిట్టలేదు. ఎనిమిదేళ్లలో ఆ పిల్ల అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆ నవ్వు చూస్తూ ఉండిపోయాను.

"మాస్టారూ, పిడి!"

లాగాను. అప్పటికే పూస ఎర్రబడి మసకబారుతోంది.

"ఇంకోటి పెడదాం, టైముందిగా" అన్నాను.

"పెట్టండి" అంది.

అయిదులోగా నాలుగు పెట్టాం. ఏదీ అరవై దాటలేదు. లోహం తిడితే వినదు, బతిమాలితే వినదు.

ఆ రెండొందల పద్దెనిమిది పూసనే కోసి, నున్నగా రుద్ది, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. చాలాసేపు చూసి నన్ను పిలిచింది.

"గింజలే ఉన్నాయి. కానీ మెరుపులో పుట్టినవా, తర్వాత లావెక్కినవా? మీకు తెలీనిదేముంది, చెప్పండి మాస్టారూ."

కళ్లు నొప్పెట్టేదాకా చూశాను.

"తెలీదమ్మా."

"సర్లెండి" అని రిజిస్టరు తీసి ఆ రోజు సంగతి రాసింది. కింద నా సంతకం ఉండాలి. చదివాను. 'పిడి పట్టేసింది' అని ఉంది.

"ఇదేంటి? తప్పు నాదైతే..."

"మీకు రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది కదా మాస్టారూ. నాదెలాగూ అయిపోయింది. పెట్టండి."

పెన్ను తనే నా చేతికిచ్చింది. పెట్టాను.

ఆ పిడికి వారం వారం నూనె వేసేది నేనే. ముప్పై ఏళ్లలో అది ఒక్కసారి కూడా పట్టెయ్యలేదు.