ఇత్తడి బాకాలు తగ్గిన చోట

"పాట ఇనపడ్డం లేదేటి, సూరమ్మా?"

మేస్త్రీ సన్యాసయ్య గుమ్మం దగ్గర నుంచే కేకేసేవాడు. పలాసలోని ఆ జీడిపప్పు షెడ్డులో పొట్టు తీసే ఆడవాళ్ల నోళ్లు ఆడుతూనే ఉండాలి. నోరు మూసుకుందంటే పప్పు నములుతోందని లెక్క. మిగతావాళ్లు కబుర్లు చెప్పేవాళ్లు. సూరమ్మకి పాట అప్పగించారు. తాను దొంగ కాదని ఏళ్ల తరబడి పాడుతోంది, గొంతు బొంగురుపోయిన రోజున కూడా.

ఇంట్లో మాత్రం పాడకూడదు. పెళ్లయిన కొత్తలో, పుట్టిల్లు పూండిలో అమ్మ నేర్పిన నాట్ల పాట పొయ్యి దగ్గర తీస్తే భర్త పైడిరాజు కంచం నెట్టేశాడు. "ఇంట్లో మేళమెట్టేవేటి? నలుగురింటే ఏటనుకుంతారు?" అత్త వరహాలమ్మ అందుకుంది: "పాటలొచ్చిన కోడలు కూడొండదురా అని ఆనాడే సెప్పేను." సూరమ్మ కూడు వండింది. వండుతూనే ఉంది. ఆ తర్వాత ఆమె గొంతు ఆ ఇంట్లో "కూడెట్టీసేను, రండి" అనడానికి తప్ప పనికి రాలేదు.

పైడిరాజుది పాత సామాన్ల కొట్టు. మందసలో ఎవరిదో మేడ ఖాళీ చేస్తుంటే రికార్డులు పాడే పెట్టె, దాంతో ఒకే ఒక్క రికార్డు తెచ్చాడు. జాజ్ అంటారట ఆ పాటల్ని. క్యాసెట్ల కాలంలో కొనేవాడు లేక ఇంట్లో పెట్టాడు. చెదలు కొరికిన అట్ట మీద పరాయి దేశపు దొరసాని ఒకావిడ నోరు బారుగా తెరిచి నిలబడింది. ఆవిడ వెనక వరసల్లో కోట్లేసుకున్న మగవాళ్లు, చేతుల్లో ఇత్తడి బాకాలు. పెళ్లి బ్యాండువాళ్లలాగే ఉన్నారు. కాకపోతే అందరూ చూస్తున్నది ఆవిడకేసి.

పైడిరాజు రికార్డు మీద ముల్లు పెట్టగానే బాకాలు ఇంటికప్పు లేచిపోయేలా మోగాయి. తర్వాత ఆవిడ అందుకుంది. అందుకోగానే అంతమంది మగవాళ్లూ తగ్గిపోయారు. ఆవిడ ఊపిరి తీసుకున్నప్పుడు కాస్త వాయించి, మళ్లీ తగ్గారు. రోలు దగ్గర సూరమ్మ చెయ్యి ఆగిపోయింది. ఒక ఆడది నోరు తెరిస్తే మగవాళ్లు తగ్గటం ఆమె ఎన్నడూ ఎరగదు.

"గొంతంటే అదీ," అన్నాడు పైడిరాజు, తొడ మీద తాళం వేస్తూ. ఆవిడ ఏమంటోందో అతనికి ఒక్క ముక్క తెలీదు. మెచ్చుకోవటానికి పరాయి ఆడదైతే చాలు.

మర్నాడు షెడ్డులో సూరమ్మ పాడలేదు. సన్యాసయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నోట్లో ఏటుంది?"

సూరమ్మ నోరు తెరిచింది. అతను తల తిప్పుకునేదాకా మూయలేదు.

"రోజూ ఇలాగే సూసుకోండి మేస్త్రీ. పాట మట్టుకు ఇక్కడ పాడను. ఇంటికి పట్టుకుపోతాను."

పక్కనున్న సింహాచలం కిసుక్కున నవ్వింది. "గేటుకాడ సోదా సేత్తారే అప్పా, బాగా దాసుకో."

ఆ సాయంత్రం పైడిరాజు ఇద్దరు స్నేహితుల్ని కూర్చోబెట్టి రికార్డు పెట్టాడు. సూరమ్మ వాళ్లకి టీ ఇచ్చి, లోపలికి పోకుండా పెట్టె పక్కనే కూర్చుంది. బాకాలు తగ్గిన చోట తన నాట్ల పాట అందుకుంది. రెండూ కలవలేదు. కలపాలని ఆమె చూడనూ లేదు. వరహాలమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. స్నేహితులు గ్లాసులు పట్టుకుని బిగుసుకుపోయారు.

"ఆపీ," అన్నాడు పైడిరాజు పళ్ల బిగువున. "నిన్నేనే. ఆపీ."

సూరమ్మ పాడుతూనే చెయ్యి చాచి ముల్లు ఎత్తేసింది. దొరసాని ఆగింది.