ఫైఫ్ మీగడ, పెర్త్‌షైర్ వెన్న

కల్‌రాస్ ఊరు పెర్త్‌షైర్ జిల్లాకి ఎక్కడో దూరంగా, ఫైఫ్ జిల్లాను ఆనుకుని పడి ఉన్న ముక్క. అయినా పెర్త్‌షైర్‌దే. వందల ఏళ్ళుగా అంతే, ఎందుకని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. 1891లో అధికారులు పటం ముందేసుకుని, ఈ ముక్క చూడ్డానికి బాగాలేదని ఫైఫ్‌లో కలిపేశారు. పటం చక్కబడింది. గ్రిజెల్ కొంప మునిగింది.

గ్రిజెల్ ఆ ఊరి పాడిరైతు భార్య. అమ్మమ్మ, అమ్మ, ఆ తర్వాత తను, ఏటా పెర్త్‌షైర్ వ్యవసాయ ప్రదర్శనలో వెన్న పోటీకి వెళ్ళినవాళ్ళే. ఈసారి కార్యదర్శి డౌ గారి నుంచి ఉత్తరం వచ్చింది: వెన్న పెర్త్‌షైర్‌లో చేసిందై ఉండాలి, మీరిప్పుడు ఫైఫ్‌వారు, క్షమించాలి.

"ఫైఫ్ పోటీకే వెళ్ళు, పోయేదేముంది?" అన్నాడు మొగుడు ఎబెనీజర్.

"నీకేం! గంజి ఎక్కడ పోస్తే అదే నీ జిల్లా. పెర్త్‌షైర్ పోటీ జాబితాలో మావాళ్ళ పేరు లేని ఏడాది లేదు. నాతోనే ఆగిపోవాలా?"

ఆమెకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని ఉత్తరం మళ్ళీ చదివింది. ఈసారి నవ్వొచ్చింది.

ప్రదర్శన రోజు డన్‌బ్లేన్ మైదానంలో బండి ఆగింది. గ్రిజెల్ మీగడ డబ్బాలు, చిలికే పీపా దింపించింది.

"ఇదేమిటమ్మా?" డౌ గారు పరుగెత్తుకొచ్చారు.

"ఈ గడ్డి ఏ జిల్లాదండీ?"

"పెర్త్‌షైర్‌దే."

"అయితే కాస్త జరగండి, చిలకాలి."

జనం మూగారు. ఎండ మండిపోతోంది. చేతులు పడిపోతున్నా వెన్న పడదు. అంతలో గ్రిజెల్ పాత పోటీదారు యూఫన్ బావినీళ్ళ బకెట్‌తో వచ్చింది.

"మీగడ వేడెక్కిందే, మొద్దూ!" అంటూ పీపా మీద చన్నీళ్ళు కుమ్మరించింది. కాసేపటికి వెన్న పడింది. జనం ఈలలు వేశారు. డౌ గారు నిబంధనలు రెండుసార్లు తిరగేసి, నవ్వేసి, పేరు రాసుకున్నారు.

మొదటి బహుమతి యూఫన్‌కి, రెండోది గ్రిజెల్‌కి వచ్చాయి.

"నీళ్ళిచ్చి మరీ ఓడించావు కదే, రాక్షసీ!"

"నువ్వు లేకుండా గెలిస్తే సరదా ఏముందే?"

తిరుగు దారిలో ఎబెనీజర్ బండి తోలుతూ, "పోనీలే, రెండోదైనా వచ్చింది," అన్నాడు.

గ్రిజెల్ బహుమతి చీటీ చేతికిచ్చింది. "పేరు పక్కన ఏం రాశారో చదువు."

"పెర్త్‌షైర్."

"ఊఁ. ఇంకోసారి చదువు."