చుక్క ముందు కొబ్బరికాయ

మా నాన్న హనుమయ్యకు ఆటోనగర్లో లారీ విడిభాగాల షాపు ఉంది. కొత్త బండి ఏదైనా సరే, ముందు పూజ జరగాలి, ఆ తర్వాతే తాళం తిప్పాలి. చక్రాల కింద నిమ్మకాయలు, బంపరుకు బంతిపూల దండ, అద్దం మీద కుంకుమబొట్టు, కర్పూర హారతి, ఆఖర్న బండి ముందు ఫెడేలుమని ఒక కొబ్బరికాయ. నా స్కూటీకీ అంతే చేశాడు. ఇంట్లోకి వాషింగ్ మెషీన్ వస్తే దానికీ హారతిచ్చిన మనిషి. అలాంటాయన నాకు గుర్రాన్ని కొనిపెట్టాడు.

కొనమని నేను అడగలేదు. డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలు రాసి రాసి, తప్పి తప్పి, ఇంట్లో మొహం చూపించలేక కంకిపాడు అవతల కాలవగట్టు పక్కనున్న గుర్రపుస్వారీ స్కూల్లో చేరాను. దాన్ని నడిపేది హెప్సిబా మేడమ్. నాకు చేతకాని పనులు బోలెడు గానీ జీను మీద కూర్చోవడం మాత్రం చేతనైంది. "సొంత గుర్రం ఉంటే మీ సింధూరి జంపింగ్‌లో పైకొస్తుందండీ" అని మేడమ్ ఒకసారి నాన్నతో అంది. నన్నొకరు మెచ్చుకోగా ఆయన వినడం అదే మొదలు. ఉబ్బిపోయాడు. "ఏ మోడల్ తీసుకుందామంటారు?" అని అడిగాడు. మేడమ్ నవ్వలేదు. నేనే సిగ్గుతో చచ్చాను.

అలా వచ్చింది చుక్క. గోధుమరంగు ఆడగుర్రం, నుదుటి మీద తెల్లటి చుక్క. వ్యాన్ దిగుతూనే చెవులు అటూ ఇటూ తిప్పుతూ ప్రతిదాన్నీ అనుమానంగా చూసింది. కొత్త చోటు అలవాటయ్యేదాకా దాని మానాన దాన్ని వదిలేయమని చెప్పి మేడమ్ ఏదో పనిమీద విజయవాడ వెళ్ళింది. ఆమె కారు గట్టు మలుపు తిరిగిందో లేదో నాన్న డిక్కీలోంచి పూజసామాను తీశాడు.

"మేడమ్ వద్దంది నాన్నా" అన్నాను.

"పూజకి వద్దంటారా ఎవరన్నా? ఎంతసేపు పని. నువ్వు తాడు పట్టుకో."

పట్టుకున్నాను. ఒక్కో డెక్క దగ్గర ఒక్కో నిమ్మకాయ పెట్టాడు. చుక్క కాలు తీసి పక్కన పెడితే "కదలమాకే" అని విసుక్కుని కాయను మళ్ళీ జరిపాడు. మా అమ్మ వెంకటరత్నమ్మ ఆ తెల్లచుక్క మీద కుంకుమ అద్దింది. హారతి మంట మొహం దగ్గరికి వచ్చేసరికి చుక్క ముక్కుపుటాలు విప్పారాయి, కళ్ళలో తెల్లగుడ్డు కనబడింది. అప్పుడైనా తాడు వదులు చేయాల్సింది. నేను ఇంకా బిగించి పట్టుకున్నాను. నాన్న వంగి, దాని ముందుకాళ్ళ ఎదుట సిమెంటు మీద కొబ్బరికాయ కొట్టాడు.

చుక్క వెనకకాళ్ళ మీద లేచింది. తాడు నా అరచేతుల తోలు లాక్కుపోయింది. నాన్న కంగారుగా వెనక్కి అడుగేశాడు, చెప్పు కింద నిమ్మకాయ పడింది, కాలు జర్రున జారి నీళ్ళతొట్టి అంచు మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. చుక్క ఆయన్ని తాకనైనా తాకలేదు. అది అప్పటికే ఆవరణ చివర కంచెకు ఒళ్ళు ఆనించి వణుకుతోంది. నలిగిన నిమ్మకాయ ఆయన చెప్పుకు అంటుకుని ఉంటే నేనే నా చేత్తో తీసి పారేశాను.

ఆస్పత్రిలో మాత్రం ఆయన "గుర్రం తన్నిందండీ" అన్నాడు.

కిందపడ్డా నాదే పైచేయి అనే రకం మా నాన్న. గుర్రం తన్నిన మనిషికి ఆటోనగర్లో ఒక మర్యాద ఉంటుంది. తను పెట్టిన నిమ్మకాయ మీద తనే జారిపడ్డవాడికి బతికినంతకాలం ఎగతాళే. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ తన్ను గురించి చెప్పాడు, చెప్పినప్పుడల్లా అది కాస్త పెద్దదైంది. ఉండబట్టలేక ఒకసారి "అది తన్నలేదుగా నాన్నా" అన్నాను. ఆయన గోడవైపు తిరిగాడు. అమ్మ నన్ను వరండాలోకి లాక్కెళ్ళింది.

"ఆపరేషనైన మనిషితో వాదనేంటే? ఆయన తన్నిందంటే తన్నింది. అంతే."

ఇంటికొచ్చి, వాకర్ పట్టుకుని నడవడం మొదలెట్టగానే ఆయన చేసిన మొదటి పని వన్ టౌన్‌కి ఫోన్ చేయడం. అక్కడ పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఒకాయన ఉన్నాడు. మాఘంలో ముహూర్తాలు మొదలయ్యేలోపు వచ్చి చుక్కను తోలుకుపొమ్మని నాన్న ఆయనకు చెప్పాడు. పెళ్ళి ఊరేగింపంటే ఇంకేముంది, విడిది ముందు కొబ్బరికాయ, గుడి ముందు కొబ్బరికాయ, నాలుగురోడ్ల కూడలిలో కొబ్బరికాయ, మొహానికి ఎదురుగా హారతి పళ్ళేలు, చెవి పక్కన టపాసులు. చుక్క ఏ పెళ్ళికొడుకునో పడేయడం ఖాయం. ఆ తర్వాత దాన్నేం చేస్తారో తలచుకుంటే నాకు అన్నం సహించలేదు.

"పశువుకి అంత గుర్తుంటదా?" అన్నాడు నాన్న, ఇదంతా చెబితే.

"నీకుందిగా" అన్నాను. నా నోరు అలాంటిది. ఆ ఒక్క మాటతో చెడగొట్టుకుని, మళ్ళీ కాళ్ళావేళ్ళా పడి బతిమాలాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి మెత్తబడలేదు గానీ, ఒక పందెం వేశాడు.

"ఆయనొచ్చే రోజు నేనూ వస్తా. మీరు గుర్రాల్ని దూకించే గడకి అటూ ఇటూ కొబ్బరికాయలు పెట్టి, నా కళ్ళముందు దాన్ని దూకించు. దూకితే ఉంచుకో. దూకకపోతే నీ చేత్తోనే తాడు ఆయన చేతిలో పెట్టాలి."

ఒప్పుకున్నాను. ఒప్పుకోక చేసేదేముంది?

అప్పటికి చుక్క పరిస్థితి ఏమిటంటే, నేల మీద గుండ్రంగా ఏది కనబడినా అది అక్కడే ఆగిపోయేది. తన ముందు ఎవరైనా వంగితే చాలు, వెనక్కి వెనక్కి పోయేది. నేను బూటులేసు కట్టుకోవడానికి వంగినా అంతే. నేల మీద ఉత్త గడ పరిచి దాటించబోతే చెమటలు పట్టి, గిర్రున పక్కకు తిరిగేది.

"భయాన్ని కొట్టి పోగొట్టలేం సింధూరీ" అంది హెప్సిబా మేడమ్. "దూరం నుంచి చూడనివ్వు. చూశాక వెనక్కి తీసుకొచ్చెయ్. ముందుకెళ్దామని అది అనుకోవాలి, నువ్వు కాదు. ఇంకో సంగతి. గుర్రానికి తన ముక్కు కింద ఏముందో కనపడదు. గడ దగ్గరికొచ్చేసరికి ఆ గడ దాని కళ్ళకు మాయమైపోతుంది. అక్కణ్ణుంచి నీ మీద నమ్మకంతోనే దూకాలి."

నా మీద నమ్మకం. తాడు బిగించి పట్టుకుని నిలబెట్టి దాన్ని జడిపించింది నేనేనాయె.

రోజూ పొద్దున్నే మంచు వీడకముందే వచ్చేదాన్ని. ఆవరణకు ఆ చివర ఒక కొబ్బరికాయ పెట్టి, ఈ చివర చుక్కను నడిపించేదాన్ని. ఉలవగుగ్గిళ్ళలో కొబ్బరిముక్కలు కలిపి పెట్టేదాన్ని. ముక్కలు కరకరా తినేది, కాయ కనబడితే మాత్రం ఒళ్ళంతా బిగుసుకునేది. "గుడ్డిగుర్రానికి పళ్ళు తోముతున్నావే" అని అమ్మ ఫోన్లో దెప్పేది. గట్టు మీద మినప చేలకు పోయే ఆడవాళ్ళు ఆగి, గుర్రానికి కొబ్బరికాయ చూపించే పిచ్చిపిల్లను చూసి నవ్వుకునేవాళ్ళు. నవ్వనీ. నాకు కావలసింది చుక్క ఒక్క అడుగు ముందుకేయడం. ఆ అడుగు పడేది కాదు.

ఒకరోజు పొద్దుటినుంచీ బతిమాలీ బతిమాలీ, విసిగి, ఏడుపొచ్చి, కొరడాతో ఒక్కటి వేశాను. అది పెద్ద దెబ్బేం కాదు. చుక్క నావైపు తిరిగి చూసిన చూపు మాత్రం ఇప్పటికీ మరిచిపోలేను. మేడమ్ నా చేతిలోంచి కొరడా తీసుకుని, ఆ పూటకు ఇంటికి పొమ్మంది. మర్నాడు చుక్క నన్ను జీను వేయనివ్వలేదు. వారాల తరబడి సంపాదించిందంతా ఒక్క దెబ్బతో పోయింది. సిగ్గు లేకుండా వెక్కివెక్కి ఏడ్చాను.

ఇంక ఏం చేయాలో తోచక కొబ్బరికాయ ఒళ్ళో పెట్టుకుని దాని కొట్టంలో ఒక మూల కూర్చోవడం మొదలుపెట్టాను. దాన్ని పిలవలేదు. పట్టుకోలేదు. అది ఎదుటి మూల నిలబడి నన్ను చూసేది. కొన్నాళ్ళకు గడ్డి తింటూ తింటూ దగ్గరికొచ్చి, మెడ సాచి, నా ఒళ్ళోని కాయను వాసన చూసింది. పీచును పెదవులతో లాగింది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

ఆ తర్వాత గడను దాటింది. ఎత్తు పెంచితే దూకింది కూడా, అటూ ఇటూ కాయలున్నా సరే. అయితే ఒకరోజు దూకేది, మర్నాడు ససేమిరా అనేది. ఏ రోజు ఏ చుక్క కొట్టంలోంచి బయటికొస్తుందో దేవుడికే తెలియాలి. "ఇంకొంచెం టైమ్ కావాలి" అంది మేడమ్. ఆ టైమే మా దగ్గర లేదు.

ఆ రోజు రానే వచ్చింది. నాన్న అమ్మతో కలిసి కారు దిగి, వాకర్ టకటకలాడించుకుంటూ వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పక్క కుర్చీలో పెళ్ళిగుర్రాల మనిషి. తెల్లచొక్కా, చేతిలో జరీకుచ్చుల తాడు. నేను జీను బిగిస్తుంటే వాళ్ళ మాటలు నాకు వినబడుతూనే ఉన్నాయి.

"బెదురు గుర్రాలు మాకు కొత్తేం కాదండీ" అంటున్నాడాయన. "ముందు కాలొకటి మడిచి కట్టేస్తాం. మేత తగ్గించేస్తాం. పక్కనే టపాసులు కాలుస్తా ఉంటాం. బెదిరీ బెదిరీ అదే ఊరుకుంటది."

నాన్న వాకర్ పిడిని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు.

గడను నా నడుమెత్తుకు కట్టి, కింద అటూ ఇటూ కాయలు పెట్టారు. నేను హెల్మెట్ బిగించుకుని ఎక్కాను. మొదటిసారి చుక్క గడ దాకా బాగానే వచ్చి, పక్కనుంచి తప్పించుకుపోయింది. నాన్న గొంతు సవరించుకున్నాడు. రెండోసారి దూరంనుంచే ఆగిపోయి, నేల వాసన చూసి, తల విదిలించింది. నేను బిగుసుకుపోవడం దానికి తెలుస్తోంది. తెలుస్తోందని నాకూ తెలుసు, అయినా సడలలేకపోయాను.

"ఇంక చాలమ్మాయ్, దిగు" అన్నాడు నాన్న.

"ఒక్కసారి నాన్నా, ఇంకొక్కసారి." నా గొంతు నాకే ముష్టివాళ్ళ గొంతులా వినబడింది. చుక్క మెడ మీదికి వంగి, "నా తల్లివి కదూ, నన్ను కాదు, నిన్ను నువ్వు కాపాడుకోవే" అని దాని చెవిలో అన్నాను. దానికేం అర్థమవుతుంది? అయినా చెప్పాను. పగ్గాలు వదులు చేసి మూడోసారి బయలుదేరాను.

గడ ముందుకొచ్చి చుక్క నిలువునా ఆగిపోయింది. అది ఆగింది, నేను ఆగలేదు. దాని మెడ మీదినుంచి జారి, గడకు అవతల వీపు మీద పడ్డాను. ఊపిరి ఆడలేదు. నోరు తెరిస్తే గాలి లోపలికి పోవడంలేదు. పైకి చూస్తే గడ, గడ మీదుగా చుక్క మూతి. అంతా అయిపోయిందని అక్కడ పడుకునే అనుకున్నాను.

అప్పుడే అమ్మ లోపల్నుంచి కాఫీ గ్లాసుల పళ్ళెం తీసుకొస్తూ నన్ను చూసింది. కెవ్వున అరిచి పళ్ళెం వదిలేసింది. చుక్క వెనక సిమెంటు మీద స్టీలు గ్లాసులన్నీ గలగలమంటూ దొర్లాయి.

వెనక చప్పుడుకు బెదిరిన గుర్రం ముందుకే పోతుంది. ముందున్నది గడ, గడ వెనక నేను. లేచి పక్కకు దొర్లే ఓపిక కూడా లేదు నాకు. చుక్క కాళ్ళు కూడగట్టుకోవడం కనబడింది, కళ్ళు మూసుకున్నాను. గాలి మొహాన కొట్టింది. ఏదీ తగలలేదు. కళ్ళు తెరిచేసరికి చుక్క పొట్ట, మడిచిన కాళ్ళు, నా పాదాలు లేక ఊగుతున్న ఖాళీ రికాబులు నా మీదినుంచి దాటిపోయాయి. గడ కదలలేదు. నాకు చాలా అవతల దాని డెక్కలు నేలను తాకాయి.

మేడమ్ పరిగెత్తుకొచ్చి నన్ను లేపి కూర్చోబెట్టింది. ఊపిరి తిరిగొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. అమ్మ నా ఒళ్ళంతా తడుముతోంది. పెళ్ళిగుర్రాల మనిషి మాత్రం సంబరంగా లేచి నిలబడ్డాడు.

"అబ్బో, ఏం ఎగిరిందండీ. ఇట్టాంటి గుర్రమంటే పెళ్ళికొడుకులు ఎగబడతారు. బండి తెప్పించమంటారా?"

పందెం ప్రకారం చుక్క దూకింది. నేను దూకించలేదు. ఆ తేడా నాన్న పట్టుకుంటాడని నాకు తెలుసు, ఆయన ఏ బేరంలోనూ ఒక్క మాట వదలడు. ఆయన మొహంలోకి చూడలేక తల దించుకున్నాను.

"బండి అక్కర్లేదండీ" అన్నాడు నాన్న. "గుర్రాన్ని ఇవ్వటంలేదు."

"అదేంటండీ? తన్నే గుర్రాన్ని ఇంట్లో ఉంచుకుంటారా? తుంటి విరగ్గొట్టిందని మీరే అన్నారుగా. ఆటోనగరంతా చెప్పుకుంటన్నారు."

నాన్న మెడ ఎర్రబడింది. అమ్మ "పోనీలెండి, ఇప్పుడవన్నీ ఎందుకు" అంటూ అడ్డం రాబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"తన్నలేదు" అన్నాడు. "దాని కాళ్ళ దగ్గర నిమ్మకాయలు పెట్టింది నేను. వాటి మీద జారింది నేను. ఆటోనగర్లో ఎవరన్నా అడిగితే ఈ మాటే చెప్పండి."

పెళ్ళిగుర్రాల మనిషి చెప్పకుండా ఉంటాడా? నవ్వు ఆపుకుంటూ తాడు చుట్టుకుని వెళ్ళాడు. సాయంత్రానికల్లా ప్రతి షాపులోనూ ఆ నిమ్మకాయ కథ తిరుగుతుందని మాకందరికీ తెలుసు. అందరికంటే బాగా నాన్నకు తెలుసు.

ఆయన వాకర్ ఆనుకుని మెల్లగా లేచాడు. "మేడమ్ గారూ, ఆ దాణాలో వేసే కొబ్బరిముక్క ఒకటి ఇప్పించండి" అన్నాడు. మేడమ్ తెచ్చి ఇచ్చింది. అరచేతిలో పెట్టుకుని కంచె దాకా నడిచి, చెయ్యి లోపలికి సాచి నిలబడ్డాడు.

చుక్క ఆవరణ ఆ చివర్నే ఉంది. ఆయన్ని చూస్తూ చెవులు వెనక్కి పెట్టింది. ఒక్క అడుగు కూడా వేయలేదు.

"రాదు నాన్నా" అన్నాను ఏడుపు మింగుకుంటూ. "ఇవాళ రాదు. కూర్చో, కాలు నొప్పెడుతుంది."

"తెలుసులేవే" అన్నాడు నాన్న. ఇంకో చేత్తో వాకర్‌ను కాస్త దగ్గరికి లాక్కుని ఆనుకున్నాడు. సాచిన చెయ్యి మాత్రం దించలేదు.