దగ్గే డ్రమ్ము

చనిపోయిన అన్నయ్య వాయించిన స్నేర్ డ్రమ్మును వదిన రిపేరుకు తెచ్చింది.

“కర్ర తగిలితే చాలు, అచ్చం మీ అన్నయ్యలాగే దగ్గుతోంది” అంది.

డ్రమ్ముల రిపేరులో తల పండిన మరిదికి ఒళ్లు మండింది. “మోతంతా సామానుదే వదినా. దయ్యాలూ లేవు, గియ్యాలూ లేవు.”

అడుగున గరగరలాడే తీగలు మార్చాడు. దగ్గు కాస్త సన్నబడింది. పైతోలు, ఇనుప రిమ్ములు మార్చాడు. ఇంకా సన్నబడింది. పంతం పట్టి గుండ్రటి చెక్క గుల్లనూ మార్చేశాడు. ఈసారి కొడితే డ్రమ్ము ఖంగున మోగింది.

“నే చెప్పలా? అంతా సామానులోనే ఉంది.”

వదిన మాత్రం పాత సామాను పడేసిన గోనెసంచి వైపే చూస్తోంది.

సంచిలో అన్నయ్య, తిట్టబోయే ముందులాగా, గొంతు సవరించుకున్నాడు.