సొట్టలో పచ్చగడ్డి

కొబ్బరికాయల లారీ వెనక్కి వస్తూ మా కారును గుద్దిన రోజున, ఎడమ తలుపుకు పడిన సొట్ట పొద్దున చెంబు లోతు ఉంది. మధ్యాహ్నానికి గంగాళం లోతు అయింది. నేను బడి నుంచి వచ్చేసరికి అందులో ఒక వసారా పడుతుంది. లోపలి నుంచి చల్లగాలి వస్తోంది.

కారుకు మరే దెబ్బా లేదు. అద్దాలు బాగున్నాయి. కుడివైపు సీటు పూర్తిగా ముందుకు జరిపినట్టే ఉంది. అది సత్యవేణి సీటు. సత్యవేణి నా భార్య, పశువుల డాక్టరు. పొట్టి మనిషి కావడంతో సీటు ముందుకు జరుపుకుని, కింద దిండు వేసుకుని నడిపేది. ఈ మీగడరంగు చిన్న కారులోనే సామర్లకోట చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి గేదెలకూ ఆవులకూ వైద్యం చేసింది. మాఘమాసంలో చనిపోయింది.

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. నాకు కారు నడపడం రాదు. సాయంత్రాలు ఎడమవైపు సీట్లో కాసేపు కూర్చుని ఇంట్లోకి వెళ్తుంటాను. ఇప్పుడు ఆ సీటుకు చేరాలంటే వసారా దాటాలి.

లారీ డ్రైవరు పల్లయ్య రెండు చేతులతో ఒక కొబ్బరికాయ పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

"తప్పు నాదేనండి మేష్టారు. అద్దంలో చూసే వెనక్కొచ్చేనండి. అద్దంలో మీ కారు లేదండి."

"ఏముంది?"

"గేదుందండి. గేదె కదా, అదే తప్పుకుంటాదనుకున్నానండి."

అందులో అబద్ధం కనిపించదు. కొబ్బరికాయ తీసుకుని అతన్ని పంపేస్తాను.

బీమా కంపెనీకి ఫోన్ చేస్తాను. అవతల ఒక అమ్మాయి నెమ్మదిగా మాట్లాడుతుంది.

"సొట్టలో ఎవరైనా ఉంటున్నారాండి?"

"ఇప్పటికి ఎవరూ లేరు."

"అయితే సర్వేయరు గారిని పంపుతామండి. ఈలోగా ఎవరికీ అద్దెకివ్వకండి."

ఇవ్వనని మాట ఇస్తాను.

సర్వేయరు రాకముందే వీధి వస్తుంది. ఎదురింటి బేబమ్మ గారు ముందు, ఆవిడ వెనక మిగిలినవాళ్ళు. చాపలు తెచ్చుకుని కారు ముందు కూర్చుంటారు. బేబమ్మ గారు చెంగుతో బానెట్ తుడుస్తుంది.

"ఎంత మంచి బండండీ. ఏనాడైనా ఒకళ్ళ మీద బురద చిమ్మిందా? పోయేవరకూ మాటపడకుండా బతికింది."

"హారన్ కూడా ఎంత మర్యాదగా కొట్టేదమ్మా," అంటుంది పక్కావిడ.

"మంచివాటికే ఇలాగవుద్ది. మొన్న మనవాడు కొన్న ఆ ఎర్ర బండి చూడు. రాయిలా ఉంది."

ఎర్ర బండి యజమాని ఆ మాట విని నొచ్చుకుంటాడు, కానీ లేవడు. మజ్జిగ వచ్చే వేళయింది.

మజ్జిగ తాగి, ఒక్కొక్కరే లేచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతారు. మా వైపు చావు ఇంటికి పలకరింపుకు వెళ్ళినవాళ్ళు లేచేటప్పుడు 'వెళ్ళొస్తాం' అనరు. అంటే మళ్ళీ అలాంటి పనికే రావలసి వస్తుందని భయం. మా ఇంటికి మాఘమాసం నుంచీ వచ్చినవాళ్ళందరూ అలాగే వెళ్తున్నారు. ఏడాది తిరిగేవరకూ అంతే. అది అలవాటైపోయి, కారు దగ్గర నుంచి కూడా అలాగే వెళ్తారు.

ఒక్కొక్కరు అలా వెళ్ళినప్పుడల్లా కారు బొటనవేలంత మేర నేలలోకి దిగుతుంది. అందరూ వెళ్ళేసరికి చక్రాలు సగం కనిపించవు.

మర్నాడు సర్వేయరు శేషగిరి గారు వస్తారు. పొడుగాటి మనిషి, భుజాన టేపు. చక్రాలు సగం దిగబడిన కారును చూసి నాలుక చప్పరిస్తారు. చెప్పులు విడిచి, కుడికాలు ముందు పెట్టి సొట్టలోకి వెళ్తారు. టేపు చివర నా చేతికిచ్చి, వదలొద్దంటారు. టేపు చాలాసేపు సాగుతుంది. తర్వాత వదులవుతుంది. ఆయన బయటికి వచ్చినప్పుడు జుట్టులో గడ్డిపరకలున్నాయి. వెనక ఒక దూడ ఉంది.

"లోపల పచ్చగడ్డండి," అంటారు. "కోసి ఎక్కువసేపు కాలేదు. అవతల పాక. పాకలో గేదె. దానికి ఇప్పుడే ఇంజెక్షను చేసేరు. తుడిచిన దూది గట్టు మీదుంది."

దూడ నా చొక్కా గుండీ నాకుతుంది.

"దూది తడిగా ఉందా?"

"తడిగానే ఉందండి."

బడిలో పిల్లలకు ఏ ప్రశ్నకైనా పూర్తి వాక్యంలో జవాబు చెప్పమంటాను. ఇప్పుడు నేనూ అలాగే చెబుతాను. "ఈ కారును మీరు తీసుకుపోకూడదు."

"అది నా చేతిలో లేదండి," అంటారు శేషగిరి గారు, నిజంగా బాధపడుతూ. "బతికుందో పోయిందో బండే చెప్పాలి. వెళ్ళేటప్పుడు నేను అడుగుతాను. బతికున్నానంటే 'వెళ్ళొస్తాను' అని చెప్పి వెళ్తాను. రిపేరు చేయిస్తారు. పోయానంటే చెప్పకుండా వెళ్తాను. నేను వీధి మలుపు తిరగ్గానే క్రేను వచ్చి ఎత్తుకుపోతుంది."

"ఇప్పుడేమంటోంది?"

ఆయన బానెట్ మీద చెవి పెడతారు.

"పోయానంటోందండి. ఊరంతా వచ్చి పలకరించి, చెప్పకుండా వెళ్ళిపోయేరటగా. మరి అది మాత్రం ఏమనుకుంటాది?"

వీధి చివర క్రేను కొంగలా ఒంటికాలి మీద నిలబడి ఉంది. తొందర లేనట్టే ఉంది.

"భోంచేసి వెళ్ళండి," అంటాను.

"చెప్పకుండా వెళ్ళేవాడు భోంచెయ్యకూడదండి."

"మీరింకా వెళ్ళడం లేదు కదా."

"అదీ నిజమే." ఆయన కాళ్ళు కడుక్కుంటారు.

అరిటాకు వేస్తాను. పెరుగు వడ్డించేవరకూ భోజనం పూర్తయినట్టు కాదు. పూర్తి కాకుండా లేవడం మర్యాద కాదు. అందుకని వంకాయ కూర తర్వాత పప్పు, పప్పు తర్వాత బెండకాయ పులుసు వడ్డిస్తాను. పులుసు అయ్యాక మళ్ళీ వంకాయ దగ్గరికి వస్తాను. అరిటాకు కూడా సహకరిస్తుంది. తిన్నకొద్దీ అవతలి అంచు నెమ్మదిగా పొడుగవుతూ ఇంటి వసారా దాటి పెరట్లోకి పోతుంది. ఆయన కూర్చున్న చోటి నుంచి తింటూ ముందుకు జరుగుతుంటారు. పెరుగు గిన్నె మీద మూత పెట్టి, దాని మీద కొబ్బరికాయ పెట్టి, నేను ఎదురింటికి వెళ్తాను.

విషయం చెబితే బేబమ్మ గారు నోరు నొక్కుకుంటుంది.

"అయ్యయ్యో, బతికున్నదాన్ని పలకరించేసేమా! ఇప్పుడెలాగండీ?"

"వచ్చి వెళ్ళొస్తామని చెప్పండి, చాలు."

"అలా ఎలా అంటామండీ? మీ ఇంట్లో ఇంకా ఏడాది తిరగలేదు కదా. ఆ మాట అనకూడదు."

"కారు ఇంట్లో లేదండి. వీధిలో ఉంది."

"వీధిలోనే ఉందనుకోండి. తాళం ఎక్కడుంది?"

"మా ఇంట్లో, మేకుకు."

"తాళం ఎక్కడుంటే బండి అక్కడిదే మేష్టారూ. అంత చదువుకున్నారు, మీకు నేను చెప్పాలా?"

ఆవిడ మాట కాదనలేను. అయితే తాళం మీ ఇంట్లో పెడతానంటాను. వద్దంటుంది, అప్పుడు కారు తనదైపోతుంది, ఎవరి కారుకు వాళ్ళే వెళ్ళొస్తామని చెప్పుకుంటే లోకం నవ్వుతుంది. ఇద్దరం అరుగు మీద కూర్చుని ఆలోచిస్తాం. అప్పుడే దూడ మా గేటులోంచి వచ్చి, వీధి దాటి, ఆవిడ ముగ్గు తొక్కుతూ పోతుంది.

"ఇదెవరిది?" అంటుంది బేబమ్మ గారు.

"ఎవరిదీ కాదు. సొట్టలోంచి వచ్చింది."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. ఆవిడే ముందు లేస్తుంది.

మేకు నుంచి తాళం తీయడం అనుకున్నంత తేలిక కాదు. ఆ తాళాన్ని మేకుకు తగిలించింది సత్యవేణి. మాఘమాసం నుంచీ దాన్నెవరూ తీయలేదు. నేను తీసేసరికి గోడ ఒక్కసారి ఊపిరి పీల్చి వదులుతుంది. అంతే. తాళాన్ని ఎర్రదారానికి కట్టి దూడ మెడలో వేస్తాను. దూడ గంట దొరికినంత సంబరంగా తల ఊపుకుంటూ ఇంటింటికీ తిరుగుతుంది. ఒకరు చిట్టు పెడతారు, ఒకరు అరటితొక్క. ఇప్పుడు కారు ఎవరిదీ కాదు, అందరిదీ.

బేబమ్మ గారు కారు ముందు నిలబడి గొంతు సవరించుకుంటుంది.

"వెళ్ళొస్తానమ్మా."

కారు బొటనవేలంత పైకి లేస్తుంది. ఆవిడ నాలుగడుగులు వేసి, మాట నిలబెట్టుకోవాలి కనుక వెనక్కి వస్తుంది. వచ్చింది కనుక మళ్ళీ వెళ్ళాలి. వెళ్తోంది కనుక మళ్ళీ చెబుతుంది. ఆవిడను చూసి మిగిలినవాళ్ళు వస్తారు. కాసేపటికి వీధి అంతా వెళ్ళొస్తామని చెప్పి వెళ్ళడం, రావడం. పిల్లలు పరుగెత్తుకుంటూ చెబుతారు. ఎర్ర బండి యజమాని నిన్నటి కోపం మర్చిపోయి అందరికన్నా గట్టిగా చెబుతాడు. పల్లయ్య లారీ పక్కన పెట్టి వస్తాడు. అద్దంలో చూస్తూ చెప్పమంటారా, నేరుగా చెప్పమంటారా అని అడుగుతాడు. నేరుగానే చెప్పమంటాను.

చాలా నెలలుగా ఈ మాట మా గుమ్మం ముందు వినలేదు. వర్షం పడ్డట్టుంది.

చక్రాలు నేల మీదికి వస్తాయి. జనం ఆపరు. కారు ఇంటి కిటికీ ఎత్తుకు లేస్తుంది, తర్వాత డాబా పిట్టగోడ ఎత్తుకు. కరెంటు తీగల దగ్గర బేబమ్మ గారు చప్పట్లు కొట్టి అందరినీ ఆపుతుంది. "చాలు చాలు, మరీ ముద్దు చేస్తే చెడిపోద్ది."

నేను ఇంట్లోకి వెళ్ళి పెరుగు వడ్డిస్తాను.

శేషగిరి గారు చేయి కడుక్కుని, చెప్పులు వేసుకుని వీధిలోకి వస్తారు. వీధి చివర క్రేను రెండో కాలు కింద పెడుతుంది. ఆయన తల పైకెత్తి కారును అడుగుతారు. ఏమని అడిగారో వినిపించదు. కారు వైపరు ఒక్కసారి అటు నుంచి ఇటు కదులుతుంది. ఆయన చూస్తున్నది బానెట్ వైపు కాదు, కుడివైపు కిటికీలోకి. నేను టేపు చివర ఇంకా పట్టుకునే ఉన్నానని అప్పుడు గమనిస్తాను.

"వెళ్ళొస్తానమ్మా," అంటారు నెమ్మదిగా.

ఆ మాట కారుకు చెప్పారా, ముందుకు జరిపిన సీటుకు చెప్పారా అని నేను అడగను. క్రేను మోకాళ్ళు ముడుచుకుని ఎగిరి కాకినాడ వైపు పోతుంది.

సాయంత్రం రేకు పని చేసే ఖాదర్ మేస్త్రి వస్తాడు. నిచ్చెన వేసుకుని తలుపు దాకా ఎక్కి, సొట్ట అంచు మీద వేలితో కొట్టి చూస్తాడు.

"బయటనుంచి లాగితే రేకు చిట్లుద్దండి. లోపలినుంచి తొయ్యాలి. లోపల మనుషులున్నారా?"

"పశువులున్నాయి."

"ఇంకా మంచిది. మనుషులైతే మధ్యలో టీ అడుగుతారు."

అతను నోటికి చేతులు అడ్డం పెట్టి, మేత దగ్గరికి పిలిచినట్టు పిలుస్తాడు. లోపల గిట్టల చప్పుడు. ముందు ఒకటి, వెనక చాలా. వేట్లపాలెం గేదెలు, పెద్దాపురం ఆవులు, ఒకప్పుడు సత్యవేణి రాత్రంతా కూర్చుని బతికించిన కుంటి ఎద్దు. నాకు ముఖాలు తెలియవు. ఆమె చెప్పిన రోగాలను బట్టి గుర్తుపడతాను. అవి వరుసగా నిలబడి, నుదుళ్ళు రేకుకు ఆనించి తోస్తాయి. ఒక్కొక్క తోపుకు రేకు టక్కుమని సర్దుకుంటుంది. తోపులు లెక్కపెడుతున్న వీధి, లెక్క మానేసి పాట ఎత్తుకుంటుంది. తలుపు మీద అక్కడక్కడ కొమ్ముల కొనలు బయటికి పొడుచుకు వస్తాయి. వాటిని కోసెయ్యమంటారా అని ఖాదర్ అడుగుతాడు. బేబమ్మ గారు వద్దని, కింద నుంచే పసుపు అందిస్తుంది.

హ్యాండిల్ కింద, అరచేతంత మేర, సొట్ట అలాగే ఉంది. గేదెలు అక్కడ నుదురు పెట్టడం లేదు. అక్కడ ఎవరో నిలబడి ఉన్నట్టు, తగలకుండా, పక్కకు తప్పుకుంటున్నాయి.

"వారు కాస్త జరిగితే ఇదీ వచ్చేస్తాదండి," అంటాడు ఖాదర్. "జరగమని చెప్పనా?"

"వద్దు. పనిలో ఉన్నారేమో."

ఖాదర్ తల ఊపి నిచ్చెన దిగుతాడు. కారు కూడా దిగుతుంది, కాళ్ళు ఒక్కొక్కటే మడుచుకుంటూ. మా గుమ్మం ముందు కడుపు ఆనించి పడుకుని, దీపాలు అరమోడ్చి, బానెట్‌ను నెమ్మదిగా అటూ ఇటూ కదుపుతూ నెమరు వేస్తుంది. దాని మీద వాలిన కాకి చెవి దగ్గర ఏదో వెతుకుతుంది. కారు తోక ఒకసారి విదిలిస్తుంది.

తలుపు చాలావరకు చదునైంది. అరచేతంత సొట్ట మాత్రం ఇంకా తీయలేదు.